పసిబిడ్డ ఉన్న ఇంట్లో చెత్త తగ్గేదెలా? లెక్క డైపర్ దగ్గరే మొదలు

కర్నూలు పాతబస్తీలోనైనా, కడప గల్లీల్లోనైనా చంటిబిడ్డ ఉన్న ఇంటి చెత్తబుట్టను చూడగానే గుర్తుపట్టొచ్చు. పైన డైపర్లు, కింద చిప్స్ కవర్లు, అన్నం మెతుకులు, ఉల్లిపొట్టు అన్నీ కలిసిపోయి ఉంటాయి. అలా కలిసిన కసువు ఎరువుకూ పనికిరాదు, పాత సామాన్ల వాళ్లు కొనేదీ అందులో ఏమీ మిగలదు.

రోజుకు ఆరు డైపర్లు అనుకుంటే నెలకు 180, రెండేళ్లకు నాలుగు వేలు దాటుతాయి. ఒక్కోటి 10 రూపాయలు వేసుకున్నా నెలకు 1,800. డైపర్‌లో ప్లాస్టిక్ పొరతో పాటు తడిని పీల్చుకుని ఉబ్బే జెల్ ఉంటుంది. మోరీలో పడేస్తే అది ఇంకా ఉబ్బి నీళ్లకు అడ్డం పడుతుంది. 2009 అక్టోబరు వరద చూసిన కర్నూలుకు, బుగ్గవంక పక్కనున్న కడపకు నీళ్లు పారే దారి మూసుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాల్చేస్తే పోతుందిలే అనుకోవడం ఇంకా తప్పు, ఆ పొగ పీల్చేది ఇంట్లో పిల్లలే.

‘లంగోటీలు కట్టొచ్చు కదా’ అని దాదీలు, నానీలు అంటూనే ఉంటారు. తల్లుల బాధ వేరే. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే వీధిలో ఉతకడానికి నీళ్లేవి? బట్టలు తడిస్తే నమాజుకు పాకీ ఎలా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే డైపర్లు పూర్తిగా మానేయమనడం కంటే రాత్రికి ఒకటి, ప్రయాణానికి ఒకటి ఉంచుకుని, పగలు ఇంట్లో పాత నూలు దుపట్టా ముక్కలు కట్టడం జరిగే పని. రోజుకు రెండే అయితే నెలకు 60. అంటే 1,200 రూపాయలు మిగులు.

లంగోటీకి అంటిన మలాన్ని ముందు టాయిలెట్‌లో వేయాలి. తర్వాత హనఫీ పద్ధతిలో మూడుసార్లు నీళ్లు మార్చి, ప్రతిసారీ గట్టిగా పిండాలి. రోజంతటివీ ఒకేసారి ఉతికితే నీళ్లు తక్కువ పడతాయి, ఆ నీళ్లే టాయిలెట్‌లో పోయొచ్చు. ఆరబెట్టడానికి మన సీమ ఎండ ఉండనే ఉంది.

వాడిన డైపర్‌ను గట్టిగా చుట్టి పారేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. పారేయడానికి కవరు ఇవ్వాల్సిన బాధ్యత తయారీ కంపెనీలదేనని కూడా వాటిలోనే ఉండేది. ఆ కవరు ఎంతమందికి అందిందో కొన్నవాళ్లకే తెలియాలి! 2021 అక్టోబరు 2న మొదలైన ‘క్లాప్’ కింద పట్టణాల్లో పచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు. కొన్ని ఇళ్లలో వాటిలో ఉల్లిపాయలు ఉంటున్నాయి. ఆ డబ్బాలను మళ్లీ బయటికి తీస్తే చాలు, కొత్తవి కొనక్కర్లేదు.

డైపర్ పక్కకు పోతే మిగిలిన తడి చెత్త ఎరువవుతుంది. చిల్లులున్న పాత కుండలో కూరగాయల తొక్కలు ఒక వరుస, ఎండిన వేపాకు ఒక వరుస వేస్తూ పోవాలి. ఇక్కడి ఎండకు కుండ తొందరగా ఎండిపోతుంది కాబట్టి నీడలో పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు చిలకరించాలి. రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. జుమా రోజు బిర్యానీ ఎముకలు మాత్రం అందులో వేయొద్దు. కుక్కలు కుండ పగలగొడతాయి.

పిల్లల చిరుతిళ్ల మెరిసే కవర్లను ఎవరూ కొనరు. బొరుగులు, శనగలు స్టీలు డబ్బాలో పోసి పెడితే సగం కవర్లు తగ్గుతాయి.

ఇక అఖీఖా, బిస్మిల్లా దావత్‌లు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా దావత్ మరుసటి రోజు గల్లీ మలుపులో అవే కనిపిస్తాయి, పక్కన ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్ చుట్టలు. స్టీలు ప్లేట్లు అద్దెకు దొరుకుతాయి, గుడ్డ దస్తర్‌ఖాన్ చాలా ఇళ్లలో బీరువాలోనే ఉంటుంది. వంటమనిషికి అడ్వాన్సు ఇచ్చేరోజే ప్లేట్ల మాట కూడా తేల్చుకోవాలి.