మగదూడే కదా అని వదిలేస్తే ఎట్లా?

పటాన్‌చెరు అంటే మీకేం గుర్తొస్తుంది? ఫ్యాక్టరీలు, ముంబై హైవే మీద లారీలు, ఓఆర్‌ఆర్ ట్రాఫిక్.. అంతే కదా! నాకు మాత్రం మా పెద్దమ్మ వాళ్ల కొట్టంలో ఓ మూలకు కట్టేసిన దున్నదూడ గుర్తొస్తుంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అంత బక్కగా ఉండేది.

"దీనికి పాలు తాపవా పెద్దమ్మా?" అని అడిగా.

"మగది గదా బిడ్డా! రేపు పాలిస్తదా? దీనికే తాపితే డెయిరీల ఏం పోయాలె?" అంది.

మూడో నెల దాటకుండానే అది చనిపోయింది. పెద్దమ్మ మీద కోపం రాలేదు. ఆమె లెక్క ఆమెది. ట్రాక్టర్లొచ్చాక దున్నపోతుకు పొలంలో పని లేదు. పాల లెక్కలో మగదూడ ఖర్చే తప్ప రాబడి కాదు.

లెక్క ఎక్కడ తప్పింది?

మన దగ్గర గోవధ నిషేధ చట్టం 1977 నుంచే ఉంది. దేశం నుంచి 'బీఫ్' పేరుతో ఎగుమతయ్యేది గేదె మాంసమే. దానికోసం పటాన్‌చెరు పక్కన రుద్రారంలోనే 1990ల్లో పెద్ద కబేళా వచ్చింది. అంటే బాగా పెరిగిన దున్నకు కొనేవాళ్లున్నారు. మూడు నెలలకే పోయిన దూడకు మాత్రం పైసా రాదు. అందుకే 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం మగ గేదె దూడలను కాపాడి పెంచేందుకు ప్రత్యేక పథకమే తెచ్చింది.

దూడ బతకాలంటే మొదటి పని జున్నుపాలు. పుట్టిన గంట, రెండు గంటల్లోపే తాగించాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి అక్కడి నుంచే వస్తుంది. రెండోది నట్టల మందు. గేదె దూడలకు తల్లిపాల ద్వారానే ఏలికపాములు వస్తాయి. అందుకే రెండు వారాల వయసులోనే పశువైద్యుణ్ని అడిగి మందు తాగించాలి.

ఇక్రిశాట్ గేటు లోపల..

బతికిన దూడ బరువు పెరగాలంటే మేత కావాలి. ఈ ముచ్చట మా పటాన్‌చెరులోనే తేలింది. 1972లో ఇక్కడ ఇక్రిశాట్ మొదలైంది. అదే క్యాంపస్‌లో అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మార్కెట్‌లో అమ్మే జొన్న చొప్పను పరీక్షించారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. పశువుకు అరిగే భాగం ఒక రకం చొప్పలో 47 శాతం, ఇంకో రకంలో 52 శాతం. తేడా ఐదే! కానీ ధర కిలో 3 రూపాయల నుంచి 4 దాకా పలికింది. ల్యాబ్ లేకుండానే వ్యాపారులు మంచి చొప్పను గుర్తుపట్టేశారు. గింజను చూసే విత్తనం కొనే రైతే ఆ తేడాను వదిలేసుకుంటున్నాడు. అందుకే గింజతో పాటు మంచి చొప్ప కూడా ఇచ్చే జొన్న రకాలు కావాలి.

కొట్టంలో ఏం చేయొచ్చు?

⦁ చొప్పను ముక్కలు కొట్టి వేయండి. నిలువునా వేస్తే ఆకు తిని కాడ వదిలేస్తాయి.

⦁ 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లాలి. గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు.

⦁ నేపియర్ ఒక్కటే సరిపోదు. మాంసకృత్తుల కోసం అలసంద, దశరథ గడ్డి కలపాలి.

⦁ లేత జొన్న, వాన లేక వాడిన జొన్న, కోశాక మళ్లీ చిగురించిన పిలకలు ప్రమాదం. అందులో సైనైడ్ విషం ఉంటుంది. ఊళ్లలో దాన్నే 'నాము' అంటారు. పూత దశకు వచ్చాకే కోసి వేయండి.

వీటిలో ఏదీ పెద్ద టెక్నాలజీ కాదు. మేలుజాతి దున్నపోతు వీర్యం తెచ్చినా, కొట్టంలో మేత లేకపోతే ఆ జాతి గొప్ప కాగితం మీదే మిగులుతుంది. మంద బాగుపడాలంటే ముందు గడ్డి బాగుపడాలి.

పోయినేడాది పెద్దమ్మ ఇంట్లో మళ్లీ మగదూడే పుట్టింది. ఈసారి జున్నుపాలు తాగింది, నట్టల మందు పడింది. బోరు కింద రెండు గుంటల్లో నేపియర్, గట్ల వెంట అలసంద వేశారు. మొన్న వెళ్తే అది తాడు తెంపుకొని నా మీదికే వచ్చింది.

"చూసినవా దాని పొగరు!" అంటూ పెద్దమ్మ దాని మెడ నిమిరింది.