లేని ఆటగాడికి కోట్ల అభిమానం

ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో క్లబ్బు చిహ్నం చూపాలన్నా, ఆటగాడి పేరు రాయాలన్నా హక్కులు కొనాలి. కొనలేకపోయిన చోటల్లా ఒక వింత పుట్టింది.

ఇలా కొనాల్సిన పేర్లన్నిటిలోకీ ఖరీదైనది ‘ఫిఫా’. ఈఏ స్పోర్ట్స్ 1993లో మొదలుపెట్టిన ఆ సిరీస్ 32.5 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైంది. పేరు వాడుకున్నందుకు నాలుగేళ్లకోసారి 100 కోట్ల డాలర్లు ఇమ్మని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా అడిగిందని 2021లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. బేరం కుదరలేదు. 2023 నుంచి ఆ ఆట ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ అయింది. లోపలి జట్లు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. వాటి హక్కులు లీగులు, క్లబ్బులు, ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో చేతుల్లో ఉంటాయి మరి!

ఫిఫా 20లో రొనాల్డో తన ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు కాక ‘పియెమోంటే కాల్చో’ అనే జట్టుకు ఆడాడు. యువెంటస్ తన హక్కులను పోటీ సంస్థ కొనామికి ఇచ్చేయడమే కారణం. కొనామికీ ఇలాంటి కష్టాలు తప్పలేదు. దాని పాత ఆటల్లో బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ ‘రాబర్టో లార్కోస్’ అయ్యాడు.

జర్మనీ గోల్‌కీపర్ ఆలివర్ కాన్ తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడారని ఈఏపై హాంబర్గ్ కోర్టుకెక్కి 2003లో గెలిచాడు. 2020లో స్వీడన్ ఆటగాడు ఇబ్రహిమోవిచ్ కూడా తన ముఖంతో డబ్బు చేసుకోమని ఎవరు అనుమతిచ్చారని నిలదీశాడు. అది న్యాయమైన ప్రశ్న. ఏళ్ల తరబడి చెమటోడ్చి తెచ్చుకున్న పేరు మీద మొదటి హక్కు ఆ మనిషిదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విశేషం అలెజో. కొనామి 1990లలో తెచ్చిన ‘ఇంటర్నేషనల్ సూపర్‌స్టార్ సాకర్’లో ఆటగాళ్ల అసలు పేర్లు లేవు. అందుకని బ్రెజిల్ జట్టుకు అలెజో అనే స్ట్రైకర్‌ను కల్పించారు. నిజమైన బ్రెజిల్ ఆటగాడు బెబెటోను చూసే అతణ్ణి మలిచారని అభిమానుల నమ్మకం. బంతి అతని కాలికి తగిలితే గోల్ పడ్డట్టే! ఏ మైదానంలోనూ అడుగుపెట్టని ఈ వీరుడి పేరున బ్రెజిల్‌లో జెర్సీలు వచ్చాయి. నిజం ఆటగాళ్ల సంగతి అక్కడ తలకిందులు. బ్రెజిల్‌లో ఎవరి హక్కులు వాళ్లవే, అందరి తరఫునా సంతకం చేసే సంఘం లేదు. అందుకే 2014లో వచ్చిన ఫిఫా 15 నుంచి బ్రెజిల్ క్లబ్బులనే తీసేశారు. తర్వాత కొన్ని క్లబ్బులు తిరిగొచ్చినా వాటిలో ఆడింది కల్పిత పేర్లవాళ్లే.

మనకూ ఓ ముచ్చట ఉంది. 2021లో వచ్చిన ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ తొలిసారి చేరింది, దానితోపాటే హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా, అసలు పేరుతో. ఆ సీజన్‌లోనే, 2022 మార్చిలో, హైదరాబాద్ నిజం మైదానంలోనూ లీగ్ కప్పు గెలిచింది.