క్రౌన్ కూస్తోందా? ముందు ఆయిలు దించి చూడండి

తెల్లవారితే మదనపల్లె మార్కెట్లో టమోటా వేలం. లోడుతో బయల్దేరిన వ్యాను నడిదారిలో నిలబడిపోతే ఆ రైతు బాధేమిటో పడినవాడికే తెలుస్తుంది. మా అన్న పడ్డాడు. మూడెకరాల సేద్యం, సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న వ్యాను. సొంత సరుకే కాక ఇరుగుపొరుగు రైతుల క్రేట్లు కూడా తోలేవాడు. వెనకవైపు నుంచి మూడు నెలలుగా కూత వస్తున్నా ‘పాత బండి, అరవక ఏం చేస్తుందిలే’ అని ఊరుకున్నాడు. ఓ రాత్రి కనుమ ఎక్కుతుంటే టప్పుమంది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. క్రేట్లు వేరే బండికి మార్చి మార్కెట్టు చేరేసరికి వేలం అయిపోయింది.

తీరా విప్పి చూస్తే మొదట పోయింది ఒక్క పీనియన్ బేరింగే. అది వదులై, పీనియన్ పక్కకు జరిగి, క్రౌన్ పళ్లన్నీ నమిలేసింది. బేరింగులతో పోయే ఖర్చు మొత్తం సెట్టు మీదికి వచ్చింది.

టాటా ఏస్, దోస్త్, బొలెరో పికప్ వంటి బండ్లలో వెనక ఇరుసు నడుమ గుండ్రంగా కనిపించేదే డిఫరెన్షియల్. ఇంజను నుంచి వచ్చే జాయింట్ షాఫ్టు చివర పీనియన్, అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. దాని లోపల స్టార్ గేర్లు. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలి చక్రం తక్కువ తిరగాలి. ఆ తేడా సర్దేది ఈ స్టార్ గేర్లే. నేరుగా పోయే దారిలో వాటికి దాదాపు పనే ఉండదు.

చేలో దిగబడినప్పుడు మాత్రం వాటి పని పడుతుంది. ట్రాక్టరుకైతే కాలితో తొక్కే డిఫరెన్షియల్ లాకు ఉంటుంది. ఈ చిన్న బండ్లలో చాలావాటికి అది లేదు. ఒక చక్రం బురదలో గిరగిరా తిరుగుతుంటే రెండోది కదలదు. మనం యాక్సిలేటరు తొక్కేకొద్దీ స్టార్ గేర్లు, వాటి పిన్ను కాలిపోతాయి. నాలుగు రాళ్లు, కంపలు వేసి నెట్టించుకోవడం నయం. ఒకవైపు కొత్త టైరు, రెండోవైపు అరిగిన టైరు వేసినా ఈ గేర్లకు విశ్రాంతి ఉండదు. ఇక ముప్పావు టన్ను బండిలో టన్నున్నర వేయడం గురించి చెప్పేదేముంది, అందరం చేసేదే.

శబ్దం వినగానే క్రౌన్ పోయిందని తేల్చేయొద్దు. బయల్దేరేటప్పుడు, గేరు మార్చేటప్పుడు ‘టక్’ మంటే ముందు జాయింట్ షాఫ్టు క్రాసును చేత్తో ఊపి చూడండి. చాలాసార్లు అదే వదులై ఉంటుంది. యాక్సిలేటరు తొక్కినప్పుడు కూత పెరిగి, వదలగానే మారితే పీనియన్, క్రౌన్ పళ్ల తంటా. తొక్కినా వదిలినా ఒకే తీరున గుర్రుమంటుంటే బేరింగులు. మలుపుల్లోనే వస్తే స్టార్ గేర్లు కావచ్చు, చక్రం బేరింగూ కావచ్చు.

తర్వాత ఆయిలు దించాలి. బండి కాస్త నడిపాక, వేడి మీద దించితే అడుగున ఉన్నదంతా వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆయిలు పోసే పక్క బోల్టును ముందు విప్పండి. అది పట్టేసి ఊడకపోతే, కింద దించేసిన బండి అక్కడే ఉండిపోతుంది. ఆయిల్లో మెత్తటి బూడిదరంగు మడ్డి ఉంటే మామూలు అరుగుదలే. వేళ్లకు గుచ్చుకునే రజను, పెచ్చులు తగిలితే బండి ఆపేయాలి. పాలలా తెల్లగా ఉంటే వాగులో, కాలువలో దిగినప్పుడు నీళ్లు చేరాయన్నమాట. ఇరుసు మీద గాలి పోయే చిన్న గొట్టం మట్టితో మూసుకుపోయినా, లోపల ఒత్తిడి పెరిగి సీళ్లు కారతాయి. ఆ ఆయిలు బ్రేకు లైనింగుల మీద పడితే ప్రాణానికే ముప్పు.

పళ్లు బాగుంటే బేరింగులు, సీళ్లు మార్చుకుంటే చాలు. పళ్లు పోతే క్రౌన్, పీనియన్ జతగానే మార్చాలి. రెండూ కలిపి అరగదీసిన జత కనుక చాలావాటి మీద జత నంబరు చెక్కి ఉంటుంది. పాత పీనియన్‌కు కొత్త క్రౌన్ వేసి ‘సర్దుకుంటుందిలే’ అనే మేస్త్రీని నమ్మొద్దు. బిగించేటప్పుడు పళ్ల మధ్య సందు కొలిచి, సిమ్ములు వేసి, పళ్లకు రంగు పూసి తిప్పి చూడాలి. ముద్ర పంటి నడుమ పడాలి. డయల్ గేజి లేని షెడ్డులో ఈ పని చేయించకపోవడమే మంచిది.

పదేళ్లు దాటిన బండికి తుక్కు దుకాణంలో దొరికే పాత సెట్టు వేసుకోవడం తప్పేమీ కాదు. నా లెక్కలో చాలామంది చిన్న రైతులకు అదే గిట్టుబాటు. అయితే పళ్ల లెక్క కలవాలి. క్రౌన్‌కు 41, పీనియన్‌కు 8 పళ్లున్నచోట 39కి 8 వేస్తే బండి లాగే తీరే మారిపోతుంది. మీ బండి లెక్క తెలియకపోతే గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రం మాత్రమే జాకీతో లేపి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్క. హ్యాండ్ బ్రేకు వదలాలి కనుక ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టండి, బండి కిందికి ఎవరూ దూరొద్దు. మామూలప్పుడు కూడా గేరులో ఉంది కదా అని ధీమా పడొద్దు. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ వల్ల గేరు బండిని ఆపదు.

పాత సెట్టు కొనేముందు మూత తీయించి పళ్లు చూడండి. చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకూడదు. బేరింగులు, సీళ్లు ఎలాగూ కొత్తవే వేయించాలి. ఆయిలు జీఎల్-5 అని రాసి ఉన్నదే, బండి పుస్తకం చెప్పిన నంబరుదే పోయించండి. ఇంజను ఆయిలు ఈ పళ్లకు ఆగదు.

మా అన్న చివరికి పాత సెట్టే వేయించాడు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు సగం లోడే తోలి, ఆ ఆయిలు దించేసి కొత్తది పోశాడు. ఇప్పుడు వానలు పడితే బండి చేలోకి దించడు. గట్టు మీదే నిలిపి క్రేట్లు మోయిస్తున్నాడు.