ఆరేళ్లకే నూరేళ్లు నిండిన చిప్

టెస్లా మోడల్ ఎస్ కారులో స్క్రీన్ హ్యాంగ్ అయితే ముందుగా చేయాల్సిన పని ఒకటే. స్టీరింగ్‌కి చెరోపక్కా ఉన్న చిన్న చక్రాలు రెండింటినీ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. స్క్రీన్ నల్లబడి, కంపెనీ గుర్తు మళ్లీ వెలిగేదాకా వదలకూడదు. ఈలోగా కారేమీ ఆగిపోదు. మోటారునీ, బ్రేకులనీ చూసుకునే కంప్యూటర్లు వేరు, స్క్రీన్‌ని నడిపే కంప్యూటర్ వేరు. కాకపోతే ఇండికేటర్ వేస్తే వినిపించే టిక్కు టిక్కు ఆ కాసేపూ వినిపించదు. ఆ శబ్దం పుట్టేది స్క్రీన్ కంప్యూటర్లోనే మరి!

సాఫ్ట్‌వేర్ తికమకపడి ఆగిపోతే ఈ వైద్యం చాలు. కానీ కొన్ని వేల కార్లలో రీస్టార్ట్ చేసినా జబ్బు తిరగబెట్టింది. మొదట ఎప్పుడో ఒకసారి, తర్వాత తరచుగా, చివరికి స్క్రీన్ వెలగనే లేదు. ఆ కథంతా ఒక చిన్న మెమరీ చిప్‌ది.

2012 జూన్‌లో మోడల్ ఎస్ అమెరికా రోడ్లెక్కినప్పుడు అందరి కళ్లూ దాని 17 అంగుళాల నిలువు స్క్రీన్ మీదే పడ్డాయి. కారుకి టచ్‌స్క్రీన్ అప్పటికి కొత్తేమీ కాదు. 1986లోనే బ్యూక్ రివియెరాలో పిక్చర్ ట్యూబ్‌తో ఒకటి పెట్టారు. టెస్లా చేసిన సాహసం వేరు. బటన్లు దాదాపు అన్నీ తీసేసి, ఏసీ దగ్గర్నుంచి వెనక కెమెరా దాకా ఆ ఒక్క స్క్రీన్‌కే అప్పగించింది. దాని వెనకున్నది ఎన్విడియా టెగ్రా 3 ప్రాసెసర్, 8 జీబీ ఫ్లాష్ మెమరీ. అదే ఏడాది గూగుల్ అమ్మిన నెక్సస్ 7 ట్యాబ్లెట్‌లోనూ ఇదే ప్రాసెసర్. ట్యాబ్లెట్‌ని మూడు నాలుగేళ్లు వాడి సొరుగులో పడేస్తాం. కారుని అలా పడేయం కదా.

ఫ్లాష్ మెమరీకి ఆద్యుడు 1980లలో జపాన్‌లోని తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువొకా. ఈ చిప్‌లో కోట్లాది సూక్ష్మమైన గదులుంటాయి. గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తే ఒక విలువ, వదిలేస్తే ఇంకొకటి. చుట్టూ ఉన్న ఆక్సైడ్ పొర వాటిని కదలనివ్వదు కాబట్టే కరెంటు పోయినా రాసింది చెరిగిపోదు. చిక్కు కూడా ఆ పొరతోనే. రాయాలన్నా చెరపాలన్నా ఎక్కువ ఓల్టేజీ ఇచ్చి ఎలక్ట్రాన్లను ఆ పొరలోంచే దూర్చాలి. దూర్చిన ప్రతిసారీ పొర కాస్త దెబ్బతింటుంది. పైగా చెరపడం గది గదికీ కుదరదు, మొత్తం బ్లాకునే చెరపాలి.

మోడల్ ఎస్ సాఫ్ట్‌వేర్ తను చేసే పనుల చిట్టాని, అంటే లాగ్‌లని, ఈ చిప్ మీదే రాస్తూ పోయింది. ఒక్కో బ్లాకు తట్టుకునేది సుమారు 3,000 సార్లు. రోజుకి సగటున 1.4 సార్లు రాసి చెరిపితే 2,143 రోజులకి దాని పని అయిపోతుంది. అంటే ఆరేళ్లు కూడా నిండవు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినకొద్దీ ఖాళీ జాగా తగ్గి, మిగిలిన బ్లాకుల మీద భారం ఇంకా పెరుగుతుంది.

దీనికి మందు కనిపెట్టినవాళ్లలో బయటి మెకానిక్‌లూ ఉన్నారు. బోర్డు బయటికి తీసి, పాత చిప్ పూర్తిగా చావకముందే అందులోని డేటా కాపీ చేసుకుని, వేడిగాలితో దాన్ని ఊడదీసి, కొత్తది అతికించేవారు. మన ఊళ్ల సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఇది మామూలు పనే.

అమెరికా రహదారి భద్రతా సంస్థ 2020 జూన్‌లో విచారణ మొదలుపెట్టి, 2021 జనవరిలో సుమారు 1,58,000 కార్లను వెనక్కి పిలవమని టెస్లాని కోరింది. స్క్రీన్ పోతే వెనక కెమెరా పోతుంది, అద్దం మీది మంచుని కరిగించే డీఫ్రాస్టర్ మీటా అందదు. మంచు కురిసే రాష్ట్రాల్లో ఇది చిన్న విషయం కాదు. చిప్ అరగడం సహజం, కారు ఉన్నంతకాలం అదీ ఉండాలంటే ఎలా అన్నది కంపెనీ వాదన. నాకది సగమే సబబుగా తోస్తుంది. టైరు అరిగితే కళ్లకి కనిపిస్తుంది, అరగదీసేది మన ప్రయాణం. ఈ చిప్‌ని అరగదీసింది యజమాని ఎన్నడూ తెరిచి చూడని లాగ్‌లు. చివరికి ఫిబ్రవరిలో కంపెనీ సుమారు 1,35,000 కార్ల రీకాల్‌కి ఒప్పుకుంది. 8 జీబీ చిప్ స్థానంలో 64 జీబీది వచ్చింది.

ఇప్పుడు గాలి బటన్లవైపు మళ్లుతోంది. కార్లకి భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర కాల్ అనే అయిదింటికీ చేతికి తగిలే మీటలుండాలని, లేకపోతే అయిదు స్టార్లు దక్కడం కష్టమని చెప్పింది. ఆ అయిదింటిలో డీఫ్రాస్టర్ లేదు.