ధూమపానము - రక్తములోని మాంసకృత్తులు

బెంగళూరునుండి హోసూరునకు పోవు రహదారి ప్రక్కను, ఆనేకల్ తాలూకాలో బొమ్మసంద్ర కలదు. ఇచ్చటి పారిశ్రామికవాడలో కన్నడిగులతోపాటు తెలుగువారును, తమిళులును పనిచేయుచున్నారు. 2000 సంవత్సరమున డాక్టర్ దేవీశెట్టి స్థాపించిన నారాయణ హృదయాలయము వెలసినదియు ఇచ్చటనే. పొగాకు గుండెనెట్లు బాధించునో తెలియగోరువారు ఊపిరితిత్తులకడనే ఆగిపోక, రక్తములోని మాంసకృత్తులను పరిశీలింపవలెను.

పొగాకు తెలుగువారికి పైరును, వ్యసనమును కూడ. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని త్రాగు అడ్డపొగ అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, ప్రసిద్ధము. పిండ్‌బోర్గ్ మొదలగువారు పదివేలమందికి పైగా గ్రామస్థులను పరీక్షించి, దీనివలన అంగిటియందు కలుగు వికారములను 1971లో ప్రకటించిరి. అంగిటిమచ్చ కంటికి కనబడును. రక్తములోని మార్పు కనబడదు.

ఆ మార్పులలో మొదటిది హీమోగ్లోబిన్‌కు సంబంధించినది. ప్రాణవాయువును మోయుట దీని పని. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైబడిన గాఢతతో దీనిని అంటుకొనును. పొగ త్రాగనివారిలో ఇట్లు బంధింపబడిన హీమోగ్లోబిన్ నూటికి ఒక పాలు మాత్రమే. త్రాగువారిలో అది ఐదు మొదలు పదిపాళ్లవరకు ఉండవచ్చును. ఈ కొరతను తీర్చుటకు శరీరము ఎఱ్ఱకణములను హెచ్చుగా పుట్టించును. కావున పరీక్షలో హీమోగ్లోబిన్ ఎక్కువగా కనబడినంత మాత్రమున పొగ త్రాగువాడు రక్తపుష్టి కలవాడని ఎంచరాదు. అది పని చేయని కూలీలను లెక్కలో చేర్చుకొనుట వంటిది.

రెండవది ఫైబ్రినోజెన్. గాయమైనపుడు రక్తమును గడ్డకట్టించు ఈ మాంసకృత్తు సామాన్యముగా నూరు మిల్లీలీటర్ల ప్లాస్మాలో 200 మొదలు 400 మిల్లీగ్రాములు ఉండును. పొగవలన కలుగు తాపమునకు ప్రతిక్రియగా కాలేయము దీనిని, సి-రియాక్టివ్ ప్రోటీనును అధికముగా తయారుచేయును. రక్తము చిక్కబడును, గుండెకు పోవు సన్నని ధమనులలో గడ్డలేర్పడుట సులభమగును. నడివయసైన రాకమునుపే గుండెపోటు వచ్చుటకు గల కారణములలో ఇది యొకటి.

మూడవది ఆల్ఫా-1 యాంటిట్రిప్సిన్. తెల్లకణములు విడుచు ఒక ఎంజైము ఊపిరితిత్తుల సాగుడుతంతువులను హరింపకుండ ఇది కాపాడును. ఇది లోపించినవారిని స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అను వైద్యులు 1963లో గుర్తించిరి. పుట్టుకతో లోపము లేనివారిలో సైతము పొగలోని ఆక్సీకరణ పదార్థములు ఈ మాంసకృత్తును నిర్వీర్యము చేయును. అనగా కావలివాడున్నను ఆయుధము లేనివాడగును. తంతువులు నశించి, గాలిగదులు చెడి, ఆయాసము స్థిరపడును.

ఇవిగాక పొగ త్రాగువారిలో రోగనిరోధకమగు ఇమ్యునోగ్లోబ్యులిన్-జి తగ్గుటయు, ఉబ్బసము మున్నగు వానితో సంబంధముగల ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ పెరుగుటయు గమనింపబడినది.

అలవాటు మానినచో ఈ మార్పులన్నియు ఒకే వేగమున తొలగవు. హీమోగ్లోబిన్‌ను పట్టిన కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటలలో సగమగును. ఒకటి రెండు దినములలో దాదాపు పోవును. ఫైబ్రినోజెన్ క్రమముగా తగ్గి, త్రాగనివారి స్థాయికి చేరుటకు సంవత్సరములు పట్టవచ్చును. చెడిన గాలిగదులు మాత్రము మరల రావు. కావున ఆయాసము పుట్టువరకు వేచియుండక, రక్తము ఇంకను బాగుపడగల కాలముననే చుట్టను, బీడీని, సిగరెట్టును విడుచుట యుక్తము.