పుస్తకంలో మూడు... తెరమీద మూడున్నర!

ప్రోగ్రామింగ్ పాఠాల్లోని ఉదాహరణలకూ కాలం చెల్లుతుంది. వాటిని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మరి, కాలంతోపాటు దానికీ మార్పులు అక్కర్లేదా?

ఏడుని రెండుతో భాగిస్తే ఎంత? మూడున్నర అంటారు మీరు. అన్నయ్య ఎప్పుడో చదివి అటకమీద పడేసిన పైథాన్ పుస్తకంలో మాత్రం జవాబు 3 అని ఉందనుకోండి. తమ్ముడు అదే లెక్కని కంప్యూటర్లో కొట్టాడు. 3.5 వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే! 'పుస్తకం తప్పు చెబుతుందా... నేనే ఎక్కడో పొరపాటు చేసుంటా' అనుకుని రాత్రి పదకొండింటిదాకా తల పట్టుకు కూర్చుంటాడు పాపం.

నిజానికి తప్పు తమ్ముడిదీ కాదు, పుస్తకానిదీ కాదు. పైథాన్ రెండో తరంలో ఇలాంటి లెక్క చేస్తే మిగిలిన శేషాన్ని వదిలేసి 3 అనే చూపేది. 2008 డిసెంబరులో వచ్చిన మూడో తరం నుంచి 3.5 అని చెబుతోంది. 2020 జనవరి 1తో పాత తరానికి మద్దతు కూడా ఆగిపోయింది. అమ్మమ్మ ఆవకాయ కొలతల్ని సోలల్లో, గిద్దెల్లో రాసిపెట్టినట్టే ఇదీ. రాసిన రోజున అది అక్షరాలా నిజం. ఇవాళ వంటింట్లో ఆ సోల లేదు, అంతే!

వండి చూశాకే...

అచ్చయిపోయిన పుస్తకాన్ని ఏమీ చెయ్యలేం. కానీ సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే డాక్యుమెంటేషన్, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పాఠం, కంప్యూటర్లోనే ఉంటుంది కదా. అందులోని ఉదాహరణల్ని కంప్యూటర్‌తోనే సరిచూయించవచ్చు. టిమ్ పీటర్స్ అనే ప్రోగ్రామర్ ఈ ఆలోచనతో రాసిందే 'డాక్‌టెస్ట్'. 2001లో పైథాన్ 2.1తోపాటు అందరి చేతికీ వచ్చింది.

పైథాన్ పాఠాల్లో ఉదాహరణ '>>>' గుర్తుతో మొదలవుతుంది. దాని కిందే జవాబు ఉంటుంది. డాక్‌టెస్ట్ ఆ గుర్తున్న ప్రతి వరుసనీ వెతికి పట్టుకుని, నిజంగా నడిపి చూస్తుంది. వచ్చిన జవాబునీ, రాసి ఉన్న జవాబునీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోలుస్తుంది. ఒక్క ఖాళీ తేడా వచ్చినా 'ఫెయిల్' అనేస్తుంది!

మాస్టారికీ పాఠాలే

పేపర్లు దిద్దే మాస్టారు కూడా సిలబస్ మారినప్పుడల్లా చదువుకోవాల్సిందే. 2003లో అదే జరిగింది. అంతకుముందు 'మూడు కంటే ఐదు పెద్దదా?' అంటే పైథాన్ 1 అని చెప్పేది. 2.3 వెర్షన్‌లో 'ట్రూ' అనడం మొదలుపెట్టింది. పాత పాఠాలన్నీ ఒక్కసారిగా ఫెయిల్ కాకూడదు కదా! అందుకే పాఠంలో 1 అని ఉండి, జవాబు 'ట్రూ' అని వచ్చినా పాస్ చెయ్యమని డాక్‌టెస్ట్‌కు నేర్పారు. కొన్నేళ్లయ్యాక ఈ వెసులుబాటు పోవచ్చని అప్పుడే రాసుకున్నారు. ఇరవై ఏళ్లు దాటినా అది పోలేదు!

2004లో ఎడ్వర్డ్ లోపర్, టిమ్ పీటర్స్ కలిసి డాక్‌టెస్ట్‌ను బాగా మార్చారు. జవాబులో నడిపిన ప్రతిసారీ మారిపోయే ముక్క ఉంటే అక్కడ మూడు చుక్కలు పెట్టి, 'దీన్ని పట్టించుకోకు' అని చెప్పే వీలు అప్పుడే వచ్చింది.

2024 జూన్‌లో మరో కుదుపు. లెక్కల పనులకు వాడే 'నమ్‌పై' కొత్త వెర్షన్ 2.0 వచ్చింది. అంతకుముందు 3.0 అని చూపే చోట ఇప్పుడు అది ఏ రకం సంఖ్యో కూడా ముందు చేర్చి చూపిస్తోంది. విలువ మారలేదు. అయినా అక్షరాలు పోల్చే డాక్‌టెస్ట్‌కి అది తేడాయే. సైపై బృందం తయారుచేసుకున్న పరీక్షా సాధనం మరో దారి పట్టింది. అది అక్షరాల్ని కాదు, అంకెల విలువని పోలుస్తుంది.

చూసీచూడనట్టు... ఎంతవరకు?

పరీక్షించే సాధనాన్ని మార్చడమంటే అసలు చిక్కు ఇదే... ఏ తేడాని వదిలెయ్యాలి, దేన్ని పట్టుకోవాలి? ఖాళీ ఎక్కువైందని ఫెయిల్ చేస్తూపోతే 'నాన్నా పులి' కథే. నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ తలెత్తి చూడరు. అన్నిచోట్లా మూడు చుక్కలు పెట్టేస్తే, చదవకుండా మార్కులేసే మాస్టారే.

ఇంకో ప్రమాదమూ ఉంది. కంప్యూటర్ చూపిన కొత్త జవాబుని ఆలోచించకుండా పాఠంలో అతికించేస్తే పరీక్ష పాసైపోతుంది. కానీ ప్రోగ్రామే తప్పయితే, ఆ తప్పు రేపు పాఠమవుతుంది. యంత్రం తేడా ఉందని మాత్రమే చెప్పగలదు. ఏది ఒప్పో తేల్చాల్సింది మనిషే!

ఆ అటకమీది పుస్తకంలోని లెక్కని ఈనాటి పైథాన్‌లో డాక్‌టెస్ట్‌కి అప్పగిస్తే, ఆ 3 దగ్గర వెంటనే వేలు పెట్టి చూపించేది. తమ్ముడికి నిద్ర దక్కేది. ఈసారి మీ ఇంట్లో పిల్లలు 'నాకు ప్రోగ్రామింగ్ రాదు' అని పుస్తకం మూసేస్తుంటే ఒక్క నిమిషం ఆపండి. మొదటి పేజీలు తిప్పి, అది ఏ వెర్షన్ కోసం రాశారో చూడమనండి. తల పట్టుకోవడం ఆ తర్వాత!