బొమ్మ రైలు గదికి దీపములు

బొమ్మ రైలు అనగానే పసిపిల్లల ఆటవస్తువు మన మనస్సున మెదలును. కాని అమెరికా, ఇంగ్లండు, జర్మనీ మున్నగు దేశములలో అది పెద్దల వ్యాసంగము. ఇంటి నేలమాళిగలో ఒక గదిని ప్రత్యేకించి, గోడల వెంట బల్లలు అమర్చి, వానిపై కొండలు, వంతెనలు, స్టేషనులు, ఊళ్లు నిర్మించి, వాని నడుమ రైళ్లను నడుపుదురు. వెనుక గోడపై ఆకాశమును చిత్రింతురు. వారు విరివిగా వాడు కొలతకు హెచ్.ఓ. అని పేరు. అందు ప్రతి వస్తువును నిజమైనదానిలో 87వ వంతు ఉండును. నిలువెత్తు మనిషి 2 సెంటీమీటర్ల బొమ్మ యగును. ఇట్టి చిన్నలోకమును తీర్చిదిద్దుటకు పదియేండ్లు, ఇరువదియేండ్లు వెచ్చించినవారును కలరు.

ఇంత శ్రమపడువారు సైతము దీపముల సంగతిని కడపటికి విడిచిపెట్టుట తరచుగా జరుగుచుండును. గది నడుమ అంతకుముందే ఉన్న దీపముతో సరిపెట్టుకొందురు. పని ముగిసిన పిమ్మట చూడగా, ఎఱ్ఱ ఇటుకల స్టేషను వెలవెలబోవును. కొండ నీడ ఆకాశముపై పడును. చూడవచ్చినవాని నీడ ఊరినంతను కప్పివేయును. లోపము చేతిపనిలో లేదు, వెలుగులో ఉన్నది. దీపము ఆ లోకమునకు సూర్యుడు. కావున పట్టాలు పరచుటకు ముందే దానిని కుదుర్చుకొనవలెను.

మొదట దీపముండవలసిన చోటును గూర్చి ఆలోచింతము. గది నడుమ దీపమున్నచో అది చూచువాని వీపు వెనుక నుండును. అతని నీడయే ముందు పడును. దీపము గోడ దగ్గర నున్నచో రైలు వెనుకభాగము వెలుగును, మనకు కనబడు ముందుభాగము చీకటి యగును. అందువలన దీపముల వరుస బల్ల ముందంచునకు సరిగా పైన, ఒకింత చూపరి వైపునకు జరిగి యుండవలెను. కన్నులకు దీపము సూటిగా తగులకుండ దాని ముందు ఒక చెక్కపట్టీని దించవలెను. నాటకరంగమున పైనుండు ఝాలరు చేయు పనియే ఈ పట్టీయు చేయును. దీపము కనబడదు, వెలిగిన దృశ్యము మాత్రమే కనబడును.

ఇక నీడల మాట. తోలుబొమ్మలాటలో దీపము బొమ్మ వెనుక నుండును. తెరపై పడు ఛాయయే అచట కళ. బొమ్మ రైలు గదిలో తెరపై ఛాయ పడుటయే దోషము. మేఘముల మీద ఇంజను నీడ కదలిన క్షణమున, అది ఆకాశము కాదు, గోడ యని కన్ను గుర్తించును. దీనికి ఉపాయములు రెండు. కొండలను, ఎత్తైన కట్టడములను గోడకు తగినంత ఎడముగా నిలుపుట ఒకటి. దీపములను వీలయినంత ఎత్తున ఉంచుట రెండవది. అప్పుడు నీడలు గోడనంటక నేలపైననే పడును.

సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. వెలుగునిచ్చువాడు అతడొక్కడే కావున ఒక స్తంభమునకు ఒక్కటే నీడ. గదిలో మూడు బల్బులు ఎడముఎడముగా వ్రేలాడినచో తంతి స్తంభమునకు మూడు నీడలేర్పడును. విడివిడి బల్బులకు మారుగా ఎడతెగని దీపపు పట్టీని బల్ల పొడవునను సాగదీసినచో నీడలు మెత్తబడి, మబ్బుపట్టిన పగటివలె తోచును. మరియొక లాభము కలదు. చిన్న బల్బు నుండి దూరము రెండింతలైనచో వెలుగు నాలుగవ వంతునకు తగ్గును. పొడవైన పట్టీ విషయమున అది సుమారు సగమే తగ్గును. అందుచే బల్ల ముందంచును, వెనుక గోడయు ఇంచుమించు సమముగా వెలుగును.

రంగుల విషయమున మన ఇల్లాండ్రు గొప్ప పరీక్షకులు. పట్టుచీర కొనబోయిన ఇల్లాలు అంగడిలోని దీపమును నమ్మదు. చీరను గుమ్మము దాక తెచ్చి, పగటి వెలుగున చూచి గాని బేరమాడదు. ఒక వెలుగున ఒకే రంగుగా తోచిన రెండు వస్తువులు మరియొక వెలుగున వేరువేరుగా కనబడుట సహజము. బొమ్మ పెట్టెలకు రంగులద్దువాడు ఒక దీపము క్రింద పనిచేసి, వేరొక దీపము క్రింద వానిని నిలిపినచో ఇదే చిక్కు వచ్చును. కావున గదిలో నెట్టి దీపమో, పనిబల్లపైనను అట్టి దీపమే ఉండవలెను.

దీపము కొనునపుడు రెండు సంఖ్యలను చూడవలెను. మొదటిది కెల్విన్ సంఖ్య. వెలుగు పచ్చనిదో, తెల్లనిదో, నీలిచాయదో తెలుపును. పాతకాలపు తీగ బల్బు సుమారు 2700. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5500. మబ్బుపట్టిన ఆకాశము 6500, అంతకు పైన. అయినచో పగటి సంఖ్య గల దీపమునే కొనవచ్చునా? తొందరపడరాదు. మధ్యాహ్నపు ఎండలో లక్ష లక్సుల వెలుగుండును. మన గదిలో కొన్ని వందలే. అంత తక్కువ వెలుగున నీలిచాయ దీపము వెలితిగా, చల్లగా తోచునని 1941లో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రూయిట్‌హోఫ్ వ్రాసెను. ఆయన గీచిన హద్దులను పిమ్మటి పరిశోధకులు కొందరు అంగీకరింపలేదు. అయినను 4000 మొదలు 5000 వరకు గల దీపములతో పని చక్కగా నెరవేరును. రెండుమూడు రకములు తెచ్చి, ఒకే స్టేషనుపై మార్చి మార్చి చూచుట అన్నిటికంటె మేలు.

రెండవది సి.ఆర్.ఐ. అను సంఖ్య. రంగులను ఉన్నవున్నట్లు చూపగల శక్తికి ఇది కొలత, గరిష్ఠము 100. తీగ బల్బు ఇంచుమించు 100. సాధారణపు ఎల్.ఇ.డి. దీపము 80. ఈ 80లో ఒక మోసము దాగియున్నది. ఈ సగటును కట్టునపుడు లెక్కించు ఎనిమిది రంగులలో చిక్కని ఎఱుపు లేదు. ఆ ఎఱుపు లెక్కను ఆర్9 అని వేరుగా చెప్పుదురు. రైలుపెట్టెలకును, ఇటుక కట్టడములకును ఎఱుపే ప్రాణము గనుక, సి.ఆర్.ఐ. 90కి పైబడి, ఆర్9 కూడ హెచ్చుగా నున్న దీపమును కోరవలెను.

వెలుగు చూపుట మాత్రమే గాక చెరుపుటయు చేయును. కిటికీలోని ఎండయందును, కొంతవరకు ట్యూబులైటులందును ఉండు అతినీలలోహిత కిరణములు కాగితపు చిత్రములను, రంగు నురుగుతో చేసిన చెట్లను వెలవెలబోజేయును. తెల్లని ఎల్.ఇ.డి. దీపములలో ఈ కిరణములు దాదాపు లేవు. వేడిమి సంగతియు తలపవలెను. 60 వాట్ల తీగ బల్బులు ఇరువది వెలిగించినచో 1200 వాట్లు. అదియొక చలిమంట యంత్రముతో సమానము. అంతే వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. దీపములకు సుమారు 180 వాట్లు చాలును.

రాత్రిదృశ్యమును కోరువారికి ఒక హెచ్చరిక. తీగ బల్బును తగ్గించినకొలది దాని వెలుగు తనంతట తానే సంధ్యారాగమును పొందును. సాధారణపు ఎల్.ఇ.డి. తగ్గునే గాని రంగు మారదు. కొన్నియైతే తగ్గించుటకే అనువు గావు. కావున సంధ్యకు పసుపుపచ్చ పట్టీని, రాత్రికి నీలి పట్టీని వేరుగా అమర్చుకొనవలెను. జర్మనీలోని హాంబర్గు నగరమున 2001లో తెరువబడిన మినియటూర్ వుండర్‌లాండ్‌లో 15 నిమిషములకొక దినము గడచును. ప్రొద్దుగ్రుంకగానే ఊళ్లలో వేలాది చిరుదీపములు వెలుగును.

అమెరికాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ అను ఛాయాగ్రాహకుడు ఎన్నో యేండ్లు శ్రమించి గోరీ అండ్ డిఫీటెడ్ అను బొమ్మ రైలుమార్గమును నిర్మించెను. 1973 జనవరిలో ఆయన మరణించెను. కొద్ది దినములకే ఆ ఇంట అగ్నిప్రమాదము సంభవించి, అందలి అధికభాగము నశించెను. ఆ కొండలను, ఆ వంతెనలను నేడు మనము చూడగలుగుట, ఆయన సరియైన వెలుగున వానిని నిలిపి ఛాయాచిత్రములు తీసియుండుట చేతనే. ఏండ్ల తరబడి చేసిన పని చూపరి కంటికి చేరు దారి వెలుగొక్కటే. ఈ వ్యాసంగమునకు పూనుకొనువారు ఖాళీ గదిలో మొదట దీపములను అమర్చి, కొండలకు మారుగా అట్టపెట్టెలను నిలిపి, నీడలెచట పడునో ఒక సాయంకాలము పరీక్షింతురు గాక. కొండలు వెలసిన పిమ్మట నిచ్చెన వేయుటకు చోటుండదు.